అడవి పందుల అడ్రసు కోసం మూడు రోజులు

ఈ వేసవిలో ఎక్కడికి వెళ్ళొచ్చావని అడిగిన వాళ్ళందరికీ అక్క ఊరికని చెప్పాను. ఎందుకు అని అడిగింది ఒక్కరే. అడవి పందులు మధ్యాహ్నం పూట ఎక్కడ పడుకుంటాయో చూసి రావడానికని నిజమే చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, నా టీకి కూడా తనే డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

మాది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలున్నాయి. సాంచా అంటే పవర్‌లూమే. నేను డిగ్రీ చదివాను. ఆ సంగతి సాంచాలకు ఇంతవరకు తెలియదు. మా అక్క పద్మను మల్లాపూర్ మండలంలో ఒక చిన్న ఊరికి ఇచ్చాం. బావ రాజేశం కూడా నేతపని ఇంట్లో పుట్టినవాడే. ఇరవై ఏళ్ళ కింద మగ్గం వదిలేసి కూలికి వెళ్ళాడు. మూడేళ్ళ నుంచి గుట్ట కింద రెండెకరాలు కౌలుకు పట్టి మక్క, అంటే మొక్కజొన్న, వేస్తున్నాడు. పోయిన ఏడు సరిగ్గా కంకి పాలు పట్టిన వారంలో పందులు దిగాయి. "కంకులు దిని కట్టె మనకు ఇడిసినయ్ బామ్మర్దీ. మంచి మనసున్నయి" అన్నాడు బావ ఫోన్లో.

ఈ ఏడు కూడా కౌలుకు పడతావా లేదా తొలి వాన లోపల చెప్పమని భూమి ఆసామి అడిగాడు. అక్క తన మాట ముందే చెప్పేసింది: మళ్ళీ పందులకే పెట్టేటట్టయితే కౌలు వద్దు, సిరిసిల్లకు పోయి తమ్ముని సాంచాల మీద పని చేసుకుందాం. బామ్మర్ది షెడ్డులో కూలికి నిలబడడం గురించి బావ తన అభిప్రాయం గట్టిగా ఏమీ చెప్పలేదు. రెండు రోజులు అన్నం తక్కువ తిన్నాడట.

ఒక దారి ఉంది. పంచాయతీ నుంచి కాగితం పెడితే, అనుమతి ఉన్న షూటర్ పంట కాలంలో వచ్చి పందుల సంగతి చూస్తాడు. వస్తానని ఆయన మాటిచ్చాడు గానీ, ఒక షరతు పెట్టాడు. "అవి ఎక్కడ పంటున్నయ్, ఎక్కడ నీళ్ళు తాగుతున్నయ్, ఏ తొవ్వ దిగుతున్నయ్, ఎండకాలంలనే తిరిగి సూసి పెట్టుండ్రి. ఆకు రాలి గుట్ట సాఫ్‌గ కనవడ్తది. వానలు వడ్డంక నేనచ్చి గుట్టలల్ల తిరుగ."

తిరగడానికి చదువుకున్న మనిషి ఒకడు కావాలని బావ అనుకున్నాడు. ఆయనకు దొరికింది నేను.

జగిత్యాల: పులి, మామిడిపండ్లు

నేరుగా కోరుట్ల బస్సెక్కితే సరిపోయేది. జగిత్యాలలో "అరిచే డబ్బా" కొనుక్కు రమ్మని బావ చెప్పడంతో చుట్టు తిరిగి వెళ్ళాను. వేసవిలో జగిత్యాల మొత్తం మామిడి వాసన వేస్తుంది. బస్టాండు బయట తోపుడుబండి ఆయన కిలో అరవై అన్నాడు. సిరిసిల్లలో ఎనభై. మిగిలిన ఇరవై చూసుకుని ఆశపడి మూడు కిలోలు కొన్నాను. మోయాల్సింది కూడా నేనేనన్న సంగతి కొన్న తరువాత గుర్తొచ్చింది.

అరిచే డబ్బా అంటే చేనులో పెట్టే చిన్న స్పీకరు. మీట నొక్కితే పులి గాండ్రిస్తుంది, కుక్కలు మొరుగుతాయి, చివరగా ఒక మనిషి అదిలిస్తాడు. దుకాణం ఆయన మూడూ వినిపించాడు. పులి బాగుంది. కుక్కలు కూడా ఫరవాలేదు. ఆ మనిషే రేడియో వార్తల గొంతుతో "ఎవరక్కడ? దయచేసి వెళ్ళిపోండి!" అన్నాడు.

"మా దిక్కు పందులకు ఇంత మర్యాద అలవాటు లేదన్నా" అన్నాను.

"మర్యాదగ జెప్పి సూడుండ్రి సారూ. ఇనకపోతే ఎట్లనూ పులి ఉన్నది" అన్నాడు దుకాణం ఆయన.

కోరుట్ల బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద మామిడిపండ్ల సంచి పెట్టాను. మొదటి పెద్ద గుంతలోనే సంచి బరువుకు మీట పడింది. బస్సులో పులి గాండ్రించింది. ముందు సీటు ముసలాయన లేచి నిలబడ్డాడు. ఎక్కడో ఒక పసిపాప ఏడుపు ఆపేసింది. కండక్టరమ్మ మాత్రం తొణకకుండా నా దగ్గరికొచ్చి, "పులికి టికెట్ తీసుకున్నవా అన్నా?" అంది.

"ఇది మిషనమ్మా."

"ఆడపులైతే ఆధార్ సూపెట్టు, జీరో టికెట్ కొడ్త. మొగపులైతే పైసలియ్యాలె."

నేను మీట కోసం తడుముకుంటుంటే కుక్కలు కూడా అయిపోయి, "దయచేసి వెళ్ళిపోండి" వచ్చింది. పక్క సీటాయన నిజంగానే లేచి వెనక్కు వెళ్ళిపోయాడు. ఆ డబ్బా మాట విని ఎవరైనా వెళ్ళిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కోరుట్ల: వెంట్రుకల సంచి

చేను గట్ల వెంట మనిషి వెంట్రుకలు చల్లితే పంది దగ్గరికి రాదంటారు. ముట్టెతో నేల వాసన చూసుకుంటూ వచ్చే జంతువు కదా, ముక్కులోకి వెంట్రుకలు పోయి తుమ్ముకుంటూ వెళ్ళిపోతుందని లెక్క. అందుకని బావ కోరుట్ల సెలూన్‌లో ఒక సంచి చెప్పి ఉంచాడు.

నేను వెళ్ళేసరికి సంచి ఇంకా నిండలేదు. మంగలి గంగాధర్ కత్తెర ఆపకుండానే చెప్పాడు. "ఒకప్పుడు ఊడ్సి పారేసేది అన్నా. గిప్పుడు బుకింగ్ నడుస్తున్నది. మక్కలేసేటోళ్ళంత ఫోన్లు జేస్తున్నరు. జర కూసోండ్రి, ఇంకో ఇద్దరు అయితే సంచి నిండుతది."

ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ చేయించుకుంటానన్నాను. ఆయన నా తల చుట్టూ ఒకసారి నడిచి, చాలా నెమ్మదిగా, "మీది జేసినా సంచికి పెద్ద ఫరకు వడదన్నా" అన్నాడు.

అయినా చేయించుకున్నాను. ఆ పంట కోసం నా వంతుగా నేనేదైనా ఇచ్చానంటే అదే.

అక్క ఇల్లు: రోడ్డు దిక్కు

ఆటో దిగేసరికి అక్క సర్వపిండి కాలుస్తోంది. మా ఇంట్లో సర్వపిండి పలుచగా, నువ్వులు ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ మందంగా చేసి పల్లీలు పోస్తారు. ఏది బాగుంటుందని అక్క అడిగింది. రెండూ రెండే అన్నాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆమె ఆ ప్రశ్న మానలేదు, నేను ఆ జవాబు మార్చలేదు. పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు వేసుకుని నాలుగు తిన్నాను. "సిరిసిల్లల తిండి వెడ్తలేరా నీకు?" అంది అక్క, చాలా సంతోషంగా.

పొద్దు గుంకక ముందే బావ చేను చూపించాడు. ఒక పక్క ఊరి రోడ్డు, ఎదురు పక్క గుట్ట. చుట్టూ పోయిన ఏటి గుంజలు, వాటికి మా చీరలు. పందులకు రంగుల గుడ్డ గాలికి ఊగితే మనిషి ఉన్నాడనిపిస్తుందని ఈ ప్రాంతంలో పాత చీరలు కంచెకు కడతారు. అక్క కోసం నేను నిరుడు ఒక పెద్ద మూట పంపాను, నేతలో తప్పు పడి అమ్ముడుపోనివి. అందులో కొన్ని ఆకుపచ్చవి ఉండాలి, పసుపు అంచువి. అంచులో పోగు తెగినా సాంచా నడుస్తూనే ఉండింది, నేను ఫోన్లో క్రికెట్ చూస్తూనే ఉన్నాను. అన్ని చీరల అంచు మధ్యలోనూ వేలెడు ఖాళీ వచ్చింది. ఆ మ్యాచ్ కూడా మనం ఓడిపోయాం.

రోడ్డు దిక్కు కంచె చూస్తే నాకే ముచ్చటేసింది. పెద్ద తప్పులేమీ లేని చీరలు, ఎరుపు పక్కన నీలం, నీలం పక్కన ఎరుపు, ఒక వరుసలో, మనిషెత్తున, ఎక్కడా సందు లేకుండా.

"నేనే కట్టిచ్చిన" అంది అక్క. "పోయేటోళ్ళు అచ్చేటోళ్ళు సూస్తరు గదా తమ్మీ. సిరిసిల్లోళ్ళు ఆడిబిడ్డకు పేలికలు పంపిండ్రు అనద్దు."

"మరి గుట్ట దిక్కు?"

"గుట్ట దిక్కు ఎవలు సూడచ్చిండ్రు?"

నిజమే కదా అన్నాను. పైగా మనసులో కొంచెం ఛాతీ విరుచుకున్నాను కూడా. పుట్టింటి పరువు అంత పొడుగున రోడ్డు పక్కన ఎగురుతుంటే ఏ తమ్ముడికైనా బాగానే ఉంటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై నాలుగు గంటలూ సాంచాల చప్పుడులో పెరిగినవాడికి నిశ్శబ్దం చాలా అల్లరి చేస్తుంది.

గుట్ట: మరియమ్మ వెనక

తెల్లవారకముందే మరియమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఊరి చర్చి పక్కన ఇల్లు. నలభై ఎండకాలాలు బీడీలకు తునికాకు తెంపి ఆ గుట్టను ఇంటి పెరడులా చేసుకుంది. మాకు దారి చూపించేది ఆమే. చేతిలో కొడవలి, భుజాన నీళ్ళ డబ్బా. నా చేతిలో అద్దెకు తెచ్చిన దుర్భిణి, నోటుబుక్కు, మూడు రంగుల పెన్నులు, ఒంటిమీద తెల్ల చొక్కా. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"గీ కొడుకు పెండ్లికి పోతున్నడా, గుట్టకు పోతున్నడా?"

"సదువుకున్నడు చిన్నమ్మా" అన్నాడు బావ, నా తరఫున క్షమాపణ చెబుతున్నట్టు.

"శనివారం దాకనే వస్త, మల్ల జెప్తున్న. ఆదివారం నాకు ప్రార్థన. పందులకు గూడ ఆదివారం సెలవే."

షూటర్ చెప్పింది నిజం. ఆకు రాలిన గుట్ట ఏదీ దాచుకోలేదు. నేను దుర్భిణి పెట్టుకుని అర కిలోమీటరు దూరంలో వెతుకుతుంటే మరియమ్మ నా కాళ్ళ దగ్గర కొడవలితో చూపించింది. ఎండిన మట్టిలో జంట గిట్టలు. "గిది పెద్దది. గీయి పిల్లలయి. గిది నీది. జరుగు, తొక్కుతున్నవ్." ఇంకొంచెం పైన ఒక చెట్టు మొదలుకు నడుమెత్తున బురద గట్టిపడి ఉంది. బురదలో పొర్లి వచ్చి ఒళ్ళు రుద్దుకున్న గుర్తట. నేను నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. బురద ఏ వైపు ఎక్కువుంటే అవి ఆ వైపు నుంచి వచ్చినట్టని మరియమ్మ చెప్పింది. దాన్ని నీలం పెన్నుతో రాశాను.

దారిలో ఆమె తునికి పండ్లు కోసి ఇచ్చింది. పైన గట్టి తోలు, లోపల పసుప్పచ్చటి తియ్యటి గుజ్జు. పది తిన్నాక నాలుక మీద వగరు పేరుకుపోయి మాట మొద్దుబారింది. "గిప్పుడు మంచిగున్నడు" అంది మరియమ్మ. ఎండ ముదిరేసరికి నా కుడి బూటు అడుగు ఊడిపోయింది. బావ తన తువ్వాల చింపి కట్టాడు. అడుగుల గుర్తులు చూసి జంతువును పోల్చే విద్య ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ తరువాత ఆ గుట్ట ఎక్కి ఉంటే, నా గురించి ఏమనుకుని ఉంటారో తెలియదు.

గుట్ట నడుమ, రెండు బండల మధ్య, నీళ్ళున్నది ఒకే ఒక్క మడుగు. సాయంత్రం దానికి ఎగువన, గాలి మా వైపు వీచే చోట, ముగ్గురం బండ చాటున కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా వచ్చాయి. ముందు ఒక పెద్ద ఆడది, వెనక చిన్నవి, వాటి వెనక ఇంకో నాలుగు. ఇంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. సైన్యంలా వస్తాయనుకున్నాను. పెళ్ళి భోజనానికి వచ్చిన చుట్టాల్లా వచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, పిల్లల్ని అదిలిస్తూ.

బావ బండ చాటు నుంచి మెడ చాచాడు. "గిదే, గా పెద్దదే" అని గొణిగాడు. "గుర్తువట్టిన దాన్ని. నా రెండెకరాలు దాని కడుపుల ఉన్నయ్." నేను ఆపేలోపల సంచిలోంచి అరిచే డబ్బా తీసి మీట నొక్కాడు.

పులి గాండ్రించింది. పెద్ద పంది తలెత్తి మా వైపు చూసింది. చిన్నవి కూడా చూశాయి. తరువాత అన్నీ మళ్ళీ బురదలోకి తలలు దించాయి. కుక్కలు మొరిగాయి. ఒక పంది పక్కకు తిరిగి పడుకుంది. "దయచేసి వెళ్ళిపోండి" అన్నాక కూడా ఏమీ జరగలేదు.

మరియమ్మకు విసుగొచ్చి గొంతు సవరించుకుంది. అంతే, "హ్మ్" అని ఒక్కసారి. గుంపు మొత్తం లేచి, బండల పక్క నుంచి పొదల్లోకి దూరి మాయమైంది.

"నలభై ఏండ్ల సంది నా గొంతు ఎర్కనే వాటికి" అంది ఆమె. "పులిని అవి యాడ సూసినయ్?"

పొదలో పానుపు

శనివారం ఉదయం అవి మాయమైన పొదల్లోకి వెళ్ళాం. ముందు మరియమ్మ ఒక్కతే వంగి చూసి, గడ్డి మీద సాలెగూడు పాతదని, ఇప్పుడు ఇక్కడ ఏదీ లేదని చెప్పాకే మమ్మల్ని రమ్మంది. పిల్లల్ని పెట్టే ముందు ఆడపంది గడ్డి, పుల్లలు తెచ్చి పానుపు వేసుకుంటుందట. ఇది నిరుటిది. ఎండిన గడ్డి, దాని మీద కొమ్మలు, నడుమ మెత్తగా నలిగిన ఒక గుడ్డ.

మరియమ్మ కొడవలి మొనతో లాగింది. మట్టి కొట్టుకుపోయిన ఆకుపచ్చ చీర. పసుపు అంచు. అంచు మధ్యలో వేలెడు ఖాళీ.

మా చీరలు ఏ ఊళ్ళో ఎవరు కడుతున్నారో మాకు తెలియదు. తెలుసుకునే అవకాశం వ్యాపారంలో ఉండదు. చాలా ఏళ్ళ తరువాత మొదటిసారి మా సరుకు వాడినవాళ్ళ ఇంటికి వెళ్ళాను. బాగా వాడుకున్నట్టే కనిపించింది.

"బామ్మర్దీ, నువ్వు పంపిందేనా?" అన్నాడు బావ.

"నాదే. గిది క్రికెట్ మ్యాచ్ నాటిది."

"తల్లి మంచిగనే పురుడు వోసుకున్నది" అంది మరియమ్మ. "సిరిసిల్ల సీర మీద పురుడు వోసుకునుడు ఈ ఊళ్ళె ఎందరికి దొర్కింది?"

"నా చేను కావలి ఉండుమని కడ్తే, దీనికి బొంతయిందా?" అన్నాడు బావ.

నవ్వాలో వద్దో తెలియలేదు గానీ, అసలు సంగతి మా ముందే ఉంది. చీర ఇక్కడికి వచ్చిందంటే వచ్చిన దారి ఉండాలి. పొద నుంచి కిందికి ఒక కాలిబాట దిగుతోంది. గడ్డి వంగి, మట్టి నున్నగా, మా సిరిసిల్ల గల్లీల కన్నా శుభ్రంగా ఉంది. అక్కడక్కడ ముళ్ళకు ఆకుపచ్చ దారాలు. ఆ దారాలు ఏరుకుంటూ దిగాం. బాట ఎటూ వంకర పోలేదు. నేరుగా వచ్చి బావ చేను దగ్గర ఆగింది, గుట్ట దిక్కు కంచె ముందు.

అప్పుడు చూశాను ఆ కంచెను, మొదటిసారి, పందులు వచ్చే వైపు నిలబడి. చిరిగిన పేలికలు, మోకాలెత్తున. ఒక గుంజకు ఉంటే ఇంకో గుంజకు లేవు. నడుమ, ఆకుపచ్చ చీర ఉండాల్సిన చోట, రెండు చేతులు చాపినంత సందు. ఆ సందులోంచి చూస్తే చేనుకు అవతల రోడ్డు దిక్కున మా మంచి చీరలు ఎంతో అందంగా ఊగుతున్నాయి.

అక్క మధ్యాహ్నం తిండికి గట్క, తొక్కు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. బావ చేతిలో చీర చూసింది, మా వెనక బాట చూసింది, సందు చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అయినా మరియమ్మ చెప్పింది.

"పద్మా, రోడ్డు మీద పోయేటోళ్ళు నీ మక్కలు తిన్నరా బిడ్డా?"

"లేదు చిన్నమ్మా."

"మరి తినేటోళ్ళ దిక్కు పేలికలు గట్టి, తిననోళ్ళ దిక్కు సీరలు గట్టినవ్."

నేను ఏదో ఒకటి అనాలి కదా అని, "పరువు గురించి కట్టింది..." అన్నాను. ఆ పరువు నాదేనని గుర్తొచ్చి అక్కడితో ఆపాను. అక్క సద్ది గిన్నె బావ చేతిలో పెట్టి, చేను దాటి, రోడ్డు దిక్కు వెళ్ళింది. మొదటి గుంజ దగ్గర ఎర్ర చీర ముడి విప్పడం మొదలుపెట్టింది.

బావ గట్కలో తొక్కు కలుపుకుంటూ అటే చూస్తున్నాడు. సగం తిన్నాక అన్నాడు, "పొద్దుమీకి ఆసామి ఇంటికి వొయ్యస్త. ఈ ఏడు గూడ పడ్తున్న అని జెప్త."

ఆ రోజు గిన్నె ఖాళీ చేశాడు.

ఇంటికి వచ్చాక

షూటర్‌కు నేను నాలుగు పేజీల నివేదిక పంపాను. మడుగు, పొద, బాట, చెట్టుకు బురద ఏ వైపున్నదీ అన్నీ మూడు రంగుల్లో గీసి ఫోటో తీసి పెట్టాను. మరుసటి రోజు జవాబు వచ్చింది. "మంచిగ రాసిండ్రు సార్. ముందుగాల గా సందు మూయుండ్రి. మూసినంక గూడ అస్తే, నేనస్త."

మూడు రోజులు తిరిగి, ఒక బూటు పోగొట్టుకుని, మేము కనిపెట్టింది ఒక సందు.

అరిచే డబ్బాను బావ ఇంట్లోనే ఉంచుకున్నాడు. పొరుగు కోళ్ళు వాకిట్లోకి వస్తే వేస్తాడట. వెంట్రుకలు గుట్ట దిక్కు గట్టు మీద చల్లాడు. నావి ఏ భాగంలో పడ్డాయో తెలియదు.

తొలి వాన పడింది, మక్క వేశారు. ఇది రాస్తున్న నాటికి చేను మోకాలెత్తు ఉంది. పందుల అభిప్రాయం కంకి వేళకు గానీ తెలియదు. మొన్న అక్క ఫోన్ చేసింది. ఊళ్ళో అప్పుడే మొదలైందట. రోడ్డు దిక్కు కంచె మీద పేలికలు చూసి, పక్కింటామె ఆగి మరీ అడిగిందట. "ఏంది పద్మా, ఈ ఏడు మీ సిరిసిల్లోళ్ళు మంచియి పంపలేదా?"

"నువ్వేమన్నవ్ అక్కా?" అన్నాను. నాకు నిజంగానే కొంచెం గుచ్చుకుంది.

"పంపిండ్రు అన్న" అంది అక్క. "సూడాలంటే గుట్టెక్కి సూడుమన్న."